పెట్టె మీది అంకె, పడకగదిలోని వేగం

వైఫై రౌటర్ కొందామని దుకాణానికి వెళితే ముందుగా కంటబడేవి పెట్టెల మీది అంకెలు. ఏసీ1200, ఏఎక్స్1500, ఏఎక్స్3000, ఏఎక్స్5400. అంకె పెరిగేకొద్దీ ధరా పెరుగుతుంది. ఇంట్లో వేగం కూడా అదే లెక్కన పెరుగుతుందని కొనేవారు నమ్ముతారు. అమ్మేవారూ అదే చెబుతారు. తీరా ఇంటికి తెచ్చి బిగించాక హాల్లో బాగానే ఉంటుంది, వెనక పడకగదిలో పిల్లల ఆన్‌లైన్ క్లాసు మాత్రం ఎప్పటిలాగే ఆగి ఆగి నడుస్తుంది. పెట్టె మీది అంకెకూ పడకగదిలోని అనుభవానికీ మధ్య ఇంత దూరం ఎందుకుందో భౌతికశాస్త్రం స్పష్టంగా చెబుతుంది. అది తెలిస్తే ఏ పరికరాన్ని దేనితో పోల్చాలో, డబ్బు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

అంకెను విప్పితే

ఏఎక్స్3000 అనే పేరులోని మూడువేలు ఒక కూడిక. 2.4 గిగాహెర్ట్జ్ రేడియోకు 574 ఎంబీపీఎస్, 5 గిగాహెర్ట్జ్ రేడియోకు 2402 ఎంబీపీఎస్. రెండూ కలిపితే 2976. దాన్ని సవరించి 3000 అంటారు. కానీ మన ఫోను ఒక సమయంలో ఈ రెండింటిలో ఒకదానితోనే మాట్లాడుతుంది. రెండు బ్యాండ్లను ఒకేసారి వాడుకునే ఏర్పాటు వైఫై 7తోనే వచ్చింది. అంటే మూడువేలు అనే వేగం ఆ ఇంట్లో ఏ ఒక్క పరికరానికీ అందదు.

ఇక 2402 సంగతి. అది రావాలంటే 160 మెగాహెర్ట్జ్ వెడల్పున్న చానల్ ఖాళీగా దొరకాలి. ఫోను కూడా ఆ వెడల్పును అందుకోగలగాలి. చాలా ఫోన్లు 80 మెగాహెర్ట్జ్ దగ్గరే ఆగుతాయి. అప్పుడు అంకె సగమై 1201కి దిగుతుంది. రౌటర్‌కు నాలుగో ఆరో యాంటెనాలు ఉన్నా ఫోనులో సాధారణంగా ఉండేవి రెండే. కాబట్టి రెండు ధారలకు మించి డేటా దానికి చేరదు. చవక ఫోన్లలో ఒక్క ధారతోనే సరిపెట్టుకునేవీ ఉన్నాయి. ఏ జంటలోనైనా తక్కువ శక్తి ఉన్నదే వేగాన్ని నిర్ణయిస్తుంది. రౌటర్‌ను తూచే ముందు ఇంట్లో ఉన్న ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల స్థాయి చూడాలనేది అందుకే.

చాలామంది గమనించని చోటు ఇంకొకటి ఉంది. చవక ఏసీ1200 రౌటర్లలో కొన్నింటికి వెనక ఉన్న కేబుల్ పోర్టులు 100 ఎంబీపీఎస్‌వే. గాలిలో 867 అని పేరు పెట్టుకున్న రేడియోకు లోపలికి వచ్చే దారే వంద. ఆ వందలోనూ చేతికి అందేది 94 చిల్లర. 1460 బైట్ల అసలు డేటాను మోసే ప్యాకెట్, చిరునామాలు, తనిఖీ బైట్లు, రెండు ప్యాకెట్ల మధ్య వదలాల్సిన ఖాళీతో కలిపి తీగ మీద 1538 బైట్ల జాగా తీసుకుంటుంది. 1460ని 1538తో భాగిస్తే 0.949. అందుకే 200 ఎంబీపీఎస్ ప్లాను ఉన్న ఇంట్లో స్పీడ్ టెస్ట్ ప్రతిసారీ 94 దగ్గరే ఆగుతోందంటే, వైఫైని అనుమానించే ముందు పోర్టునూ కేబుల్‌నూ చూడాలి. కేబుల్ లోపల నాలుగు జతలుగా ఎనిమిది సన్న తీగలుంటాయి. వంద ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. కనెక్టర్ బిగించేటప్పుడు గిగాబిట్‌కే కావాల్సిన ఆ మిగతా రెండు జతల్లో ఒక్క తీగ సరిగా ఆనకపోయినా లింకు తెగిపోదు. ఏ హెచ్చరికా లేకుండా వందకు దిగిపోతుంది. ఇలాంటి చోట పదివేల రూపాయల రౌటర్ చేయలేని మేలు కొత్త కనెక్టర్ చేస్తుంది.

గాలిలో గడిచే సమయం

తీగలో రెండు వైపుల నుంచీ ఒకేసారి డేటా నడుస్తుంది. వైఫైలో అలా కుదరదు. ఒక చానల్ మీద ఒక క్షణంలో ఒక్కరే మాట్లాడాలి, మిగతావారంతా వినాలి. ఒకే మైకు ఉన్న గ్రామసభలో పద్ధతి ఇలాగే ఉంటుంది: ఎవరి గొంతు ఎంత పెద్దదైనా మైకు తన చేతికి వచ్చేదాకా ఆగాల్సిందే, ఒకరు సాగదీస్తే అందరి సమయమూ పోతుంది.

ఈ పంపకం సమస్య వైఫై కన్నా పాతది. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నడిపిన అలోహానెట్, దీవుల్లోని వాడుకదారులను, వారంతా పంచుకునే ఒకే రేడియో చానల్ ద్వారా ప్రధాన కంప్యూటర్‌కు కలిపింది. ఇద్దరు ఒకేసారి పంపితే రెండు ప్యాకెట్లూ పాడవుతాయి, మళ్లీ పంపాలి. 1997లో వచ్చిన మొదటి వైఫై ప్రమాణం, 802.11, దీనికి పెట్టిన నియమం: ముందు విను, గాలి ఖాళీగా ఉంటే కాస్త ఆగు, ఆ తర్వాత యాదృచ్ఛికంగా ఎంచుకున్న మరికొంత సేపు ఆగు, అప్పుడు పంపు. అందుకున్నవారు అందిందని జవాబివ్వాలి. జవాబు రాకపోతే పంపినవారు మొదటి నుంచీ మొదలుపెట్టాలి. ఆ ప్రమాణం వేగం 2 ఎంబీపీఎస్. ఇప్పటి వేగాలు దానికి వేల రెట్లు, అయినా నియమం మూలరూపం మారలేదు.

ఈ మర్యాదకయ్యే ఖర్చు లెక్కవేద్దాం. 5 గిగాహెర్ట్జ్‌లో 867 ఎంబీపీఎస్ లింకు మీద 1500 బైట్ల ప్యాకెట్ ఒకటి పంపాలి. అసలు డేటాకు పట్టేది 14 మైక్రోసెకండ్లే. దానికి ముందు 34 మైక్రోసెకండ్ల తప్పనిసరి విరామం, సగటున 67 మైక్రోసెకండ్ల యాదృచ్ఛిక నిరీక్షణ, అవతలి రేడియో శ్రుతి కలుపుకోవడానికి సుమారు 40 మైక్రోసెకండ్ల ముందుమాట ఉంటాయి. తర్వాత మరో 16 మైక్రోసెకండ్ల ఖాళీ, ఆ పైన జవాబు. కలిపితే 190 దరిదాపు. పద్నాలుగు మైక్రోసెకండ్ల పనికి రెండువందల మైక్రోసెకండ్ల సమయం. ఈ పద్ధతిలో ఒక్కొక్క ప్యాకెట్టే పంపుకుంటూ పోతే 867 లింకు మీద చేతికి వచ్చేది సుమారు 60 ఎంబీపీఎస్.

దీన్ని తప్పించడానికే 2009 నాటి 802.11ఎన్ ప్యాకెట్లను మూట కట్టే పద్ధతి తెచ్చింది. 64 ప్యాకెట్లను ఒకే విడతలో పంపితే అవే 190 మైక్రోసెకండ్లు అరవైనాలుగింటి మీద పంచుకుపోతాయి. వేగం కాగితం మీద 700 దాటుతుంది. ఎదురుగా వచ్చే జవాబులు, పాడై మళ్లీ వెళ్లే ప్యాకెట్లు పోగా, రౌటర్ ఎదురుగా కూర్చున్న ల్యాప్‌టాప్‌కు 500, 600 అందితే అది మంచి పరికరం. ఫోను తెరమీద చూపే లింకు వేగంలో సగం నుంచి మూడింట రెండు వంతులు నిజంగా అందుతాయనుకోవచ్చు. మిగిలినది పంపకానికయ్యే ఖర్చు, దాన్ని పూర్తిగా తప్పించుకున్న పరికరం ఇంతవరకు రాలేదు.

మూటలు కట్టడానికి ప్యాకెట్లు వరసగా ఉండాలి. పెద్ద ఫైలు దిగుతుంటే ఉంటాయి. వాట్సాప్ కాల్, యూపీఐ చెల్లింపు, ఆఫీసులో ట్యాలీ ఎంట్రీ లాంటి చిన్న చిన్న ప్యాకెట్ల పనిలో ఉండవు. వైఫై 6లోని ఓఎఫ్‌డీఎంఏ ఇందుకోసమే వచ్చింది. 20 మెగాహెర్ట్జ్ చానల్‌ను తొమ్మిది భాగాల దాకా విడదీసి, ఒకే విడతలో పలువురి చిన్న ప్యాకెట్లు మోస్తుంది. ఇంట్లో నలుగురే ఉంటే ఈ మేలు పెద్దగా కనిపించకపోవచ్చు. ముప్పై పరికరాలున్న ఆఫీసులో, అవన్నీ వైఫై 6వే అయితే, కనిపిస్తుంది.

నెమ్మది పరికరం అందరినీ ఆపుతుంది

రేడియోలు దూరాన్ని బట్టి వేగం మార్చుకుంటాయి. 867తో మొదలైన లింకు సంకేతం బలహీనపడేకొద్దీ 780, 650, 520, 390, 260 అంటూ మెట్లు దిగి 65 దాకా వస్తుంది. పాత పరికరాలు ఇంకా కిందికి పోతాయి. దిగిన పరికరం తన వేగం పోగొట్టుకోవడంతో ఆగదు, పక్కవారి వేగాన్నీ తీసుకుపోతుంది.

ఇద్దరున్నారనుకుందాం. ఒకరు రౌటర్ పక్కన 433 ఎంబీపీఎస్‌తో, ఇంకొకరు రెండు గోడల అవతల 6.5 ఎంబీపీఎస్‌తో. పాత నియమం ప్రకారం ఇద్దరికీ సమానంగా వంతులు వస్తాయి, ఒక వంతుకు ఒక ప్యాకెట్. మొదటివారి ప్యాకెట్‌కు 28 మైక్రోసెకండ్లు, రెండోవారి ప్యాకెట్‌కు 1846. ఒక్కో చుట్టులో ఇద్దరూ ఒక్కో ప్యాకెట్ పంపుతారు కనుక ఇద్దరి వేగమూ ఒకటే అవుతుంది: 6.4 ఎంబీపీఎస్. మిగతా ఖర్చులు ఇంకా కలపకుండానే ఇది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో మార్టిన్ హూస్, ఆయన సహచరులు 2003లో ఈ సంగతిని 802.11బి మీద లెక్కకట్టి, కొలిచి చూపారు. 11 ఎంబీపీఎస్ పరికరాలన్నీ, దూరంగా ఉన్న ఒక్క 1 ఎంబీపీఎస్ పరికరం మూలంగా, దాని స్థాయికి పడిపోయాయి.

దీనికి మందు ప్యాకెట్ల వంతులు ఆపి, సమయాన్ని సమానంగా పంచడం. ఒక్కొక్కరికి ఇన్ని మైక్రోసెకండ్లు. దగ్గర ఉన్నవారు ఆ సమయంలో ఎక్కువ పంపుకుంటారు, దూరంగా ఉన్నవారికి తమ వాటా తమకు అందుతుంది. స్వీడన్ కార్ల్‌స్టాడ్ విశ్వవిద్యాలయానికి చెందిన టోకె హోయిలాండ్-యోర్గెన్సెన్, మరికొందరు 2017లో లినక్స్‌లో దీన్ని అమలు చేసి చూపారు. రౌటర్ లోపల పేరుకుపోయే క్యూలను కూడా తగ్గించడంతో రద్దీ వేళల్లో ఆలస్యం సుమారు పదో వంతుకు దిగింది. హార్డ్‌వేర్ అదే, మారింది సాఫ్ట్‌వేర్. ఒకే చిప్ ఉన్న రెండు రౌటర్లు, పెట్టె మీద ఒకే అంకె ఉన్నా, నిండు ఇంట్లో వేరువేరుగా నడవడానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఇచ్చే తయారీదారు రౌటర్‌కు కొంచెం ఎక్కువ ధర పెట్టడం దండగ కాదు.

గోడలు, డెసిబెల్స్

సంకేత బలాన్ని డెసిబెల్స్‌లో చెబుతారు. మూడు తగ్గితే శక్తి సగం, పది తగ్గితే పదో వంతు. ఫోనులోని ఏదైనా వైఫై అనలైజర్ యాప్ −40, −67, −80 అని చూపుతుంది. −67 దాకా వీడియో కాల్ నిశ్చింతగా నడుస్తుంది. −80 దగ్గర లింకు ఉంటుంది కానీ పని సాగదు.

ఒకే శక్తితో పంపినా 5 గిగాహెర్ట్జ్ సంకేతం 2.4 కన్నా అదే దూరంలో సుమారు 7 డెసిబెల్స్ తక్కువగా అందుతుంది, అంటే ఐదో వంతే. ఇది గోడలు లేని చోట. సన్నటి పార్టిషన్ కొద్ది డెసిబెల్స్ తింటుంది, తొమ్మిది అంగుళాల ఇటుక గోడ పది దరిదాపు. ఇనుప చువ్వలు అల్లిన స్లాబు ఇంకా ఎక్కువ. బీరువా, నిలువుటద్దం వెనకనున్న లోహపు పూత, నిండు నీళ్ల ట్యాంకు సంకేతాన్ని దాదాపు ఆపేస్తాయి. విదేశీ సమీక్షల్లో చెక్క, జిప్సం బోర్డు గోడల ఇంట్లో కొలిచిన దూరాలు మన ఇటుక ఇళ్లకు వర్తించకపోవడానికి కారణం ఇదే. అమెరికాలో ఉన్న కొడుకు తన ఇంట్లో బ్రహ్మాండంగా నడుస్తోందని చెప్పిన రౌటర్, గుంటూరులో అమ్మానాన్నల రెండంతస్తుల ఇంట్లో పై గదికి చేరకపోతే అందులో రౌటర్ తప్పు లేదు.

మన ఇళ్లలో ఫైబర్ ఎక్కడ లోపలికి వస్తే రౌటర్ అక్కడే ఉండిపోతుంది. వీధి గోడ పక్కన, టీవీ వెనక, కొన్నిచోట్ల షోకేసు లోపల. దాని సంకేతంలో సగం వీధికి పోతుంది. ఇంటి మధ్యకు, మనిషి ఎత్తుకు పైగా, ఎదురుగా లోహం లేని చోటికి జరపడానికి అయ్యే ఖర్చు కొన్ని మీటర్ల కేబుల్. పది డెసిబెల్స్ గోడ ఒకటి దారిలోంచి తప్పితే వెనక గదికి అందే శక్తి పది రెట్లు పెరుగుతుంది. ఏ ఖరీదైన రౌటరూ తన ప్రసార శక్తిని పది రెట్లు పెంచలేదు, చట్టం ఒప్పుకోదు. పెంచినా సగమే లాభం: ఫోను చిన్న బ్యాటరీతో తిరిగి పంపే బలహీన సంకేతం రౌటర్‌కు వినబడాలి కదా. గీతలు నిండుగా కనిపిస్తున్నా పేజీ తెరుచుకోకపోవడానికి తరచు ఇదే కారణం.

పొరుగింటి రేడియో

2.4 గిగాహెర్ట్జ్‌లో మన దేశంలో 13 చానళ్లున్నా, ఒకదానిమీద ఒకటి పడకుండా వాడుకోగలిగినవి మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు ఆ మూడింటినే పంచుకోవాలి. మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ కూడా ఆ బ్యాండ్‌లోనే ఉంటాయి. పక్కింటివారి చానల్‌తో సగం కలిసే 3నో 4నో పెట్టుకుంటే మేలు జరగదు. ఒకే చానల్‌లో ఉన్నవారు ఒకరినొకరు విని వంతు పాటిస్తారు. సగం కలిసినవారికి అది శబ్దంగానే వినిపిస్తుంది, ప్యాకెట్లు పాడవుతాయి.

భారత్ 2.4 గిగాహెర్ట్జ్‌ను 2005లో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చింది. 2018లో 5 గిగాహెర్ట్జ్‌లో 605 మెగాహెర్ట్జ్ తెరిచింది. 2025 మేలో టెలికాం శాఖ 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కింది భాగానికి, అంటే 5925 నుంచి 6425 మెగాహెర్ట్జ్ దాకా, ముసాయిదా నియమాలు వెలువరించింది. వైఫై 7 గొప్పగా చెప్పుకునే 320 మెగాహెర్ట్జ్ చానళ్లు ఉండేది ఆ 6 గిగాహెర్ట్జ్‌లోనే. ఆ రేడియో లేని వైఫై 7 రౌటర్‌లో ఆ వేగాన్ని ఆశించకూడదు. కిక్కిరిసిన అపార్ట్‌మెంట్‌లో వెడల్పు చానల్ పెట్టుకోవడం వల్ల పొరుగువారితో తగువు పెరుగుతుంది. 80కి బదులు 40 మెగాహెర్ట్జ్ పెట్టుకుంటే అంకె సగమవుతుంది, ఆగకుండా నడవడం మాత్రం చాలాసార్లు మెరుగుపడుతుంది.

రిపీటర్, మెష్, యాక్సెస్ పాయింట్

ఒక రౌటర్ చాలని ఇంటికి మూడు దారులున్నాయి. చవకైనది రిపీటర్. ఒకే రేడియోతో విని, అదే చానల్‌లో తిరిగి పలుకుతుంది. ప్రతి ప్యాకెట్ రెండుసార్లు గాలిలోకి వెళుతుంది కనుక వేగం సగానికి పడుతుంది, మిగతా ఇంటి సమయమూ ఖర్చవుతుంది. చాలామంది దాన్ని సంకేతం అందని గదిలోనే పెడతారు. అక్కడ దానికే సరిగా వినబడనప్పుడు అది తిరిగి ఏం చెబుతుంది? పెట్టాల్సింది సగం దారిలో.

మెష్ సెట్‌లో రెండు మూడు యూనిట్లు కలిసి ఒకే పేరుతో నడుస్తాయి. యూనిట్ల మధ్య మాటలకు ప్రత్యేకంగా మూడో రేడియో ఉన్న సెట్‌కు, లేని సెట్‌కు తేడా చాలా ఉంటుంది. పోల్చేటప్పుడు మొత్తం అంకెను పక్కనపెట్టి, ఈ ఒక్క సంగతి అడగాలి. అదే మెష్ యూనిట్లను కేబుల్‌తో కలిపితే గాలి భారం మొత్తం తగ్గిపోతుంది, మామూలు రెండు బ్యాండ్ల సెట్ కూడా ఖరీదైనదాన్ని మించుతుంది.

చిన్న ఆఫీసుకు సరైన దారి మూడోది. పదిహేను మంది పనిచేసే ఆడిట్ ఆఫీసును తీసుకోండి. ల్యాప్‌టాప్‌లు, ఫోన్లు కలిపి ముప్పై, పైన ప్రింటర్లు, సీసీ కెమెరాలు. ఇక్కడ ఆరు యాంటెనాల రౌటర్ ఒకటి మూల పెట్టే బదులు, సీలింగుకు బిగించే యాక్సెస్ పాయింట్లు రెండు పెట్టాలి. టీపీ-లింక్ ఒమాడా, యూబిక్విటీ యూనిఫై లాంటి కుటుంబాలు ఈ పనికే ఉన్నాయి. కరెంటు, డేటా ఒకే కేబుల్‌లో అందుతాయి. పీఓఈ అనే ఈ ఏర్పాటు తొలి ప్రమాణంలో ఒక్కో పోర్టు 15.4 వాట్ల దాకా ఇస్తుంది, కేబుల్ 100 మీటర్ల దాకా పోతుంది. రెండు యాక్సెస్ పాయింట్లనూ వేరువేరు చానళ్లలో, ప్రసార శక్తి తగ్గించి పెట్టాలి. తగ్గించడమేమిటని ఆశ్చర్యపోవద్దు. ఏ యాక్సెస్ పాయింట్‌ను పట్టుకోవాలో నిర్ణయించుకునేది ఫోనే. మొదటిది దూరం నుంచి కూడా గట్టిగా వినిపిస్తుంటే, ఫోను దాన్నే పట్టుకుని వదలదు, నెత్తిమీదున్న రెండోదానికి మారదు. ప్రింటర్, కెమెరా, టీవీ, డెస్క్‌టాప్ లాంటి కదలని వాటన్నింటికీ తీగ ఇవ్వాలి. అవి వదిలిన గాలి కదిలే వాటికి మిగులుతుంది.

కొలత ఎలా ఉండాలి

రౌటర్ ముందు నిలబడి స్పీడ్ టెస్ట్ చేస్తే తెలిసేది ప్లాను వేగం. వైఫైని కొలవాలంటే ఇంటర్నెట్‌ను లెక్కలోంచి తీసేయాలి. రౌటర్‌కు కేబుల్‌తో కలిపిన కంప్యూటర్‌లో ఐపెర్ఫ్3 అనే ఉచిత ప్రోగ్రామ్ నడిపి, ల్యాప్‌టాప్‌తో ఇంట్లో తిరుగుతూ దానికి డేటా పంపితే గాలి సంగతి ఒక్కటే బయటపడుతుంది. ఒకే చోట అరచేతి దూరం జరిగినా ఫలితం మారుతుంది, ఎందుకంటే గోడల నుంచి తిరిగి వచ్చే అలలు ఒకచోట కలుస్తాయి, పక్కనే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక్క పరీక్షతో రెండు రౌటర్లకు మార్కులు వేయడం అన్యాయం. బ్రాడ్‌బ్యాండ్ ఫోరం 2019లో తెచ్చిన టీఆర్-398 పరీక్షా విధానంలో పరికరాన్ని వేరువేరు దిక్కులకు తిప్పి కొలవడం, దూరం పెంచుతూ కొలవడం, దగ్గరి పరికరంతో పాటు దూరపుదాన్నీ కలిపి సమయ పంపకం చూడడం ఉన్నాయి. ఇంట్లోనూ ఆ స్ఫూర్తి పాటించవచ్చు. హాల్లో, మధ్య గదిలో, అన్నిటికన్నా దూరపు మూలలో కొలవండి. ఒక ఫోనులో పెద్ద ఫైలు దిగుతుండగా ఇంకో ఫోను నుంచి రౌటర్‌కు పింగ్ పంపి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు 3 మిల్లీసెకండ్లున్నది రద్దీలో 300కు ఎక్కితే, ఆ రౌటర్ ఎంత వేగం చూపినా వీడియో కాల్‌కు పనికిరాదు.

పోలికలో గెలవాల్సింది ఇంట్లో చివరి గదిలో, సాయంత్రం అందరూ ఇంట్లో ఉన్న వేళ, అతి పాత ఫోనును కూడా కలుపుకుని సాఫీగా నడిపేది. ఆ కొలతలో ఏఎక్స్5400 కన్నా సరైన చోట పెట్టిన ఏఎక్స్1500 ముందుండడం భౌతికశాస్త్రానికి విడ్డూరం కాదు.

చివరగా కొత్త ఇల్లు కట్టుకుంటున్న వారికి ఒక మాట. గోడల్లో కరెంటు పైపులు వేసే రోజున, వాటికి విడిగా ఒక పైపు, ప్రతి గదికీ ఒక క్యాట్6 కేబుల్, హాలు సీలింగు మధ్యకూ పై అంతస్తు సీలింగు మధ్యకూ చెరొకటి వేయించండి. మేస్త్రీకీ ఎలక్ట్రీషియన్‌కూ అది ఒక పూట పని. ప్లాస్టరింగ్ అయ్యాక అదే పనికి గోడలు చెక్కాలి. వైఫై 8, వైఫై 9 వచ్చినా గాలిలో సమయం పెరగదు, ఇటుక పలచబడదు. గోడలోని ఆ తీగ మాత్రం రాబోయే ప్రతి రౌటర్‌కూ పనికొస్తుంది.